జేబులో వల సంచీ

పరాయి దేశంలో మేముండే ఊరు స్వోర్డ్స్ నుంచి సిటీకి వెళ్లే బస్సులో నా సంచీ తెగి, పాలపొడి డబ్బాలు సీట్ల కిందికి దొర్లాయి. ఒడిలో పాప ఏడుపు. మా ఆయన ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియక, ఆ రోజుల్లో కనిపించినవన్నీ కొని దాచేదాన్ని.

పక్కసీట్లో పెద్దావిడ డబ్బాలన్నీ ఏరి, కోటు జేబులోంచి వల సంచీ తీసి అందులో వేసింది. ఆవిడది రుమేనియా అట.

"కమ్యూనిస్టుల పాలనలో మాకు అంతా సర్కారు ప్రణాళికే. ఏ కొట్టుకి ఎప్పుడు ఏమొస్తుందో తెలీదు. క్యూ కనిపిస్తే ముందు నిలబడేవాళ్లం, ఏం అమ్ముతున్నారో తర్వాత అడిగేవాళ్లం. అందుకే జేబులో ఎప్పుడూ సంచీ."

"ఆ పాలన పోయాక కొట్లు నిండాయి కదండీ?"

"నిండాయి. మా ఫ్యాక్టరీ మూతపడింది."

"మరి ఆ భయం ఎప్పుడు పోయింది?"

"ఇప్పుడంతా గ్రాండ్, అమ్మాయీ," అంది, బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్లు వాడే మాటతో. " ముందు పాపకి పాలు పట్టు."

సంచీ తిరిగి ఇవ్వబోతే వద్దంది. దిగేముందు రెండో జేబు తడిమి చూసుకుంది. అందులో ఇంకో వల సంచీ ఉంది.

మా ఆయన ఉద్యోగం నిలబడింది. పాప బడికి వెళ్తోంది. అయినా ఇల్లు దాటే ముందు నా చెయ్యి కోటు జేబులోకి వెళ్తుంది.