తెల్లగడ్డం తాత ఇల్లు

మొన్న జగ్గయ్యపేటలో కొత్త క్యాలెండరు విప్పగానే వచ్చిన సిరా వాసనకు నందిగామలో చిన్నప్పటి మా సండేస్కూలు గుర్తొచ్చింది. అక్కడ గోడమేకుకు బైబిలు కథల బొమ్మల చుట్ట వేలాడేది. టీచరమ్మ వారానికొక బొమ్మ తిప్పేవారు.

ఓడలో తెల్లగడ్డం తాత, గుడారం ముందు చుక్కలు చూస్తున్న తాత, చేతికర్రతో సముద్రాన్ని చీల్చిన తాత. నాకు ముగ్గురూ ఒక్కరే. ఎప్పుడూ దారిలోనే ఉండే ఆయన ఎప్పటికి ఇల్లు చేరతాడోనని వారమంతా ఆలోచించేదాన్ని. ఒక ఆదివారం ఆయన కొండెక్కి, తను చేరాల్సిన పచ్చటి దేశాన్ని దూరం నుంచే చూసి, అక్కడే చనిపోయాడన్నారు టీచరమ్మ. నాకు ఏడుపు ఆగలేదు.

క్రిస్మస్ దగ్గరపడిందని టీచరమ్మ చాలా బొమ్మలు దాటేసి, పశువుల పాకలో పసివాణ్ణి చూపించారు.

"మరి తాత ఏడండీ?" అన్నాను.

"ఏ తాతే?"

"ఓడ తాత. గుడారంలో ఉన్నాడు, సముద్రం చీల్చాడు, ఇల్లు చేరకుండానే పోయాడుగా! ఈ బాబు ఆయన మనవడా?"

పిల్లలంతా గొల్లుమన్నారు.

"వాళ్లు ముగ్గురూ వేరే వేరే తాతలే, పిచ్చిమొహమా! వందల ఏళ్ల తేడా," అని టీచరమ్మ కూడా నవ్వారు. తర్వాత బొమ్మ వంక చూశారు. "మనవడనే అనుకోవే. అందర్నీ ఇల్లు చేర్చడానికే వచ్చాడు."

పెద్దయ్యాక బైబిలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందులో తాతలు ఎందరో ఉన్నారు. వాళ్లంతా ఒకే ఇంటికి నడుస్తున్నారు.