తోలుకపోయిండ్రు

ఢిల్లీలో నర్సుగా పనిచేస్తూ కథలు రాసుకునే రోజుల్లో, నెలకో ఆదివారం మధ్యాహ్నం, ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో ఒక విమర్శకుడి ఇంట్లో జరిగే సాహిత్య సమావేశానికి వెళ్ళేదాన్ని. ఆయనది గోదావరి జిల్లా. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మాట కరుకు. నా మొదటి కథ విని, ఇందులో ఆసుపత్రి ఉంది గానీ నొప్పి లేదన్నారు. గదికొచ్చి ఏడ్చాను. మళ్ళీ రాశాను. రెండో కథను ఆయనే ఒక పత్రికకు పంపారు. ఆయనంటే నాకు భయమూ ఉండేది, గురీ ఉండేది.

ఆ చలికాలం తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. టీవీ పెడితే లాఠీలు, రాళ్ళు, తగలబడే బస్సులు. మా సమావేశాల్లోనూ కథ గురించి మొదలైన మాట ఇట్టే రాష్ట్రం దగ్గరికి వెళ్ళి ఆగేది. ఏళ్ళ తరబడి ఒక కంచంలో తిన్నట్టు ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా టీ తాగి లేచిపోయేవారు. దోపిడీ అని ఒకరంటే, ద్రోహం అని ఇంకొకరు. చెయ్యి లేవలేదన్న మాటే గానీ గదిలో గాలి ఎప్పుడూ కొట్టుకోబోతున్నట్టే ఉండేది.

ఒక ఆదివారం, మాతో కూర్చునే కవి ఒకడు వచ్చాడు. కరీంనగర్ వైపు వాడు. కటవారియా సరాయ్‌లో చిన్న గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఊరేగింపులో నడుస్తున్న వాళ్ళ అన్నను పోలీసులు పట్టుకెళ్ళి దవడ విరగ్గొట్టారు. ఊరెళ్ళి అన్నను చూసి, అంతకుముందురోజే రైలు దిగాడు. వస్తూ రైల్లో రాసిన కవిత చదివాడు. ‘మా అన్నను తోలుకపోయిండ్రు’ అన్న మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది.

చదవడం అయ్యాక విమర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఆవేశం బావుంది. కానీ ఆ తోలుకపోవడం ఏమిటయ్యా? తోలుకెళ్ళేది గొడ్లని గదా.”

అని నవ్వారు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. మా గుంటూరులోనూ ఆ మాట పశువులకే వాడతాం. అతని ఊళ్ళో మనిషిని వెంటబెట్టుకుపోవడానికీ అదే మాట.

కవి నవ్వలేదు. “గొడ్డును కొట్టినట్టే కొట్టిండ్రు సార్. మీ అమ్మ మాట్లాడితె భాష, మా అమ్మ మాట్లాడితె నవ్వులాటనా?”

అమ్మల్ని మధ్యలోకి తేవద్దని ఆయన గద్దించారు. కవి చేతిలోని టీ కప్పు విసిరాడు. అది ఆయన పెదవికి తగిలింది. రక్తం చూసుకున్న ఆ పెద్దమనిషి లేచి, రెండు చేతులతో అతని గుండెల మీద తోశారు. అరవై దాటిన మనిషిలో అంత బలం ఉంటుందనుకోలేదు. కవి వెనక్కి తూలి పుస్తకాల బీరువా మీద పడ్డాడు. మోచెయ్యి అద్దంలోంచి లోపలికి దూసుకుపోయింది. బయటికి లాక్కునేసరికి ముంజేయి నిలువునా చీలి ఉంది.

ఆసుపత్రిలో రోజూ రక్తం చూసేదాన్ని. కానీ పుస్తకాల మీద పడి కారే రక్తం ఎప్పుడూ చూడలేదు. నా శాలువా తీసి గట్టిగా చుట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, కారు తియ్యమని అరిచాను. తీసింది విమర్శకుడే. వెనక సీట్లో కవి బూతులు తిడుతూనే ఉన్నాడు. ఆయన చొక్కా మీదికి పెదవి రక్తం కారుతున్నా తుడుచుకోకుండా బండి నడిపారు.

క్యాజువాలిటీలో కుట్లు వేస్తుండగా పోలీసు వచ్చి ఏం జరిగిందని హిందీలో అడిగాడు. కవి మంచి చేత్తో ఆయన్ని చూపించి, “ఇసీనే ధక్కా దియా” అన్నాడు, ఈయనే తోశాడని.

“హాఁ, మైనే దియా,” అని ఆయనా ఒప్పుకున్నారు.

ఎందుకు కొట్టుకున్నారని అడిగితే ఒక మాట గురించి అన్నాను. ఏ మాట అన్నాడు పోలీసు. దాన్ని హిందీలో ఎలా చెప్పాలో మా ముగ్గురికీ తెలియలేదు. కేసు పెడతావా అని అతను కవిని అడిగాడు. కవి నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు:

“మా అన్న దవుడ పలగ్గొట్టినోళ్ళ మీద కేసు లేదక్కా. ఈన ఒక్కని మీద పెట్టి ఏం జెయ్యాలె? గని మాఫ్ చేసిన్నని మాత్రం రాయొద్దను.”

గాయం మానింది గానీ రెండు వేళ్ళకు స్పర్శ రాలేదు. మిగతా వేళ్ళతో కలం పట్టడం నేర్చుకుని ఆ ఏడే పరీక్ష రాశాడు. తప్పాడు. సమావేశాలు ఆగిపోయాయి. మాలో కొందరు ఆయన పక్షం, కొందరు ఇతని పక్షం. నేను ఇద్దరి దగ్గరికీ వెళ్ళేదాన్ని. అందుకని రెండు వైపులా తిట్లు తిన్నాను.

వేసవిలో ఒకసారి వైశాలి వెళితే, ఆయన కవి వేళ్ళ సంగతి అడిగారు. చెప్పాను.

“తోసింది కోపంలోనమ్మా. నవ్వింది మాత్రం కోపంలో కాదు,” అన్నారు.

ఆ సంగతి కవికి ఫోన్లో చెప్పాను.

“గా ముచ్చట నాతోని జెప్పమను,” అన్నాడు.

ఆయనకు చెప్పాను. తల ఊపారు. కానీ ఫోను చెయ్యలేదు. ఆ తర్వాత ఇల్లు అమ్మేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. వాళ్ళిద్దరూ మళ్ళీ కలవలేదు.