రెండో ట్రాక్‌లో మునెయ్య

2009 ఎండాకాలంలో నేను తిరుపతిలోని ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థలో సీనియర్ ఎడిటర్‌ని. టీవీ చానళ్లకు డాక్యుమెంటరీలు తీసివ్వడం మా పని. చిత్తూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ, మిషన్లతో పాటు వచ్చిన పుస్తకాలు చదువుకుంటూ పైకొచ్చినవాణ్ణి. డిప్లొమా లేదు. ఆ సంగతి నాకు గుర్తుచేయడానికి ఆఫీసులో ఎప్పుడూ ఎవరో ఒకరు సిద్ధంగా ఉండేవారు.

ఆ ఏడు పులికాట్ రొయ్యల వేట మీద అరగంట కార్యక్రమం నా బల్ల మీదికొచ్చింది. చిత్రీకరించి తెచ్చిన ముడి టేపులను రషెస్ అంటాం. వాటిలో మునెయ్య అనే జాలరి గడకర్రతో పడవను ఒడ్డుకు తోసుకొస్తూ, అక్కడ ఎదురుచూస్తున్న భార్యతో ఏదో అంటాడు. ఆమె కనిపించదు. గాలి, నీళ్ల చప్పుడు, అతని గొంతు, అంతే. కార్యక్రమం మొత్తంలో నా మనసు నిలిచిన షాట్ అదొక్కటే.

డైరెక్టర్ దాని మీద వ్యాఖ్యానం పరిచాడు. సరస్సు విస్తీర్ణం, వలస పక్షుల రాకపోకలు. మనిషిని మాట్లాడనివ్వండి అని నేను పట్టుబట్టాను.

"ఆ మునెయ్య సెప్పేదాంట్లో సమాచారం ఏముండాదప్పా?" అన్నాడు.

మా వృత్తిలో చివరి మాట డైరెక్టర్‌ది. ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

చానల్‌కు ఇచ్చే మాస్టర్ టేపులో ధ్వనికి రెండు ట్రాకులు ఉంచేవాళ్లం. మొదటిదానిలో వ్యాఖ్యానం కలిపిన శబ్దం. రెండోదానిలో ఆ చోట రికార్డయిన సహజధ్వని మాత్రమే. కార్యక్రమాన్ని మరో భాషలోకి మార్చాలంటే ఇది కావాలి. మనదాన్ని ఎవరు మారుస్తారు, రెండింట్లోనూ ఒకటే పోసెయ్ అన్నాడు మేనేజరు. నేను వినలేదు. ప్రసారమయ్యాక, అప్పటి పద్ధతి ప్రకారం, రషెస్ చెరిపేసి ఆ టేపులను మళ్లీ షూటింగుకు పంపేశారు. మాస్టర్ కాపీ ఒకటి మాత్రం ఆఫీసులో ఉండిపోయింది.

మరుసటి ఏడు పోలమ్మ వచ్చింది. మునెయ్య భార్య. అల్లుణ్ణి వెంటబెట్టుకుని నాయుడుపేటలో బస్సెక్కి వచ్చింది. మునెయ్య జ్వరంతో పోయి అప్పటికి కొన్ని నెలలైంది. చానల్ వాళ్లు కార్యక్రమాన్ని మళ్లీ వేస్తే పక్కింట్లో చూసిందట.

"నోరు ఆయనదే కదలతాండాది సారూ. మాట ఇంకెవురిదో," అంది. "ఆయన మాట మీ కాడ యాడన్నా ఉండాదా?"

నేను మాస్టర్ టేపు తెచ్చి మిషన్‌లో పెట్టాను. మొదటి ట్రాక్ పూర్తిగా దించి, రెండోది పైకెత్తాను. వ్యాఖ్యానం పోయింది. గాలి. గడకర్ర నీళ్లలో దిగిన చప్పుడు. ఆ తర్వాత మునెయ్య.

"మే, నీళ్లలోకి రాబాక. గుల్లలు కాళ్లు కోస్తాయి. ఆడనే ఉండు."

కుర్చీ అంచున కూర్చున్న పోలమ్మ తెర వైపు చూసి, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే, "రాలేదులే మావా. ఈడనే ఉండా," అంది.

నేను టేపు ఆపలేదు.

అల్లుడు తన ఫోన్ ఇచ్చి, వీడియో ఎక్కించమని అడిగాడు. ఆమె వద్దంది. "బొమ్మొద్దు సారూ. మొగం నా కండ్లల్లోనే ఉండాది. మాటే మర్సిపోతాండా."

మాట మాత్రం ఎక్కించి ఇచ్చాను.

తర్వాత ఆ సంస్థ మూతబడింది. టేపులు ఏమయ్యాయో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు కంప్యూటర్‌లో ట్రాకులు ఎన్నైనా పెట్టుకోవచ్చు, అయినా పని ముగియగానే అన్నీ కలిపి ఒకే ఫైలు చేసి మిగతావి పారేస్తున్నారు. అడిగితే, జాగా చాలదంటారు. నేను పులికాట్ ఎన్నడూ పోలేదు. నాకు తెలిసిన పులికాట్ ఆ రెండో ట్రాకే. ఆ గడకర్ర చప్పుడు ఇంకొక్కసారి వినాలని ఉంటుంది.

ఆ ఉదంతం నేర్పింది ఇది: ఎడిటర్ ఏ గొంతును దించినా, దాన్ని తిరిగి పైకెత్తే వీలు ఉంచాలి. ఏ మాట ఎవరికి సమాచారమో ఎడిటింగ్ గదిలో తేలదు.