అన్నయ్య బేస్ ఫిడేలుకు వాటున్నర

మోటార్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ రాగి తీగ చుట్టడం ఆయన పని. అందరూ కాయిలు బాబాయి అనేవాళ్ళు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కాలిపోయినవాటిని విప్పుతూ, చుట్లు లెక్కపెడుతూ పట్టుబడిన విద్య అది. పెళ్ళి చేసుకోలేదు. పైగదిలో ఆయన, కింద ఇంట్లో వదిన. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆమె పళ్ళెం మీద మూత పెట్టి మెట్టు మీద ఉంచేది. ఆయన తిని, కడిగి, అదే మెట్టు మీద పెట్టేవాడు.

అన్నయ్య ఒక బ్యాండులో మనిషంత ఎత్తు బేస్ ఫిడేలు వాయించేవాడు. ఆ బ్యాండు చేసిన రికార్డు ఒక్కటే. ఇంట్లో ఉన్న చిన్న ప్లేయరు స్పీకరు అరచేయంత. అందులో బాకా వినిపించేది, పియానో వినిపించేది, బేసు మాత్రం రాదు. "ఆ రోజు ఉత్త ఫొటో దిగడానికే వెళ్ళాడేమో మీ అన్నయ్య" అని వదిన అన్నయ్య బతికున్నన్నాళ్ళూ ఏడిపించింది. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి వేరే ఊళ్ళో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. సామాను సర్దుతూ రికార్డు చేతికి తగిలితే అంది:

"ఏమయ్యా, ఇందులో నిజంగా ఉన్నాడంటావా?"

"ఉన్నాడు వదినా. లారీ వచ్చేలోపు వినిపిస్తాను."

పాత రేడియో నుంచి తీసిన పెద్ద స్పీకరు ఒకటి ఆయన దగ్గరుంది. కొంచెం పవరుకే బాగా పలికే రకం. దానికి ఒక్క గాజు వాల్వుతో, వాటున్నర పవరు ఇచ్చే ఆంప్లిఫయరు మొదలుపెట్టాడు. పక్క షాపు స్కూటరు మెకానిక్ వచ్చి చూశాడు.

"వాటున్నరకి ఇంత తిప్పలా బాబాయ్? దోమ కూడా లేవదు."

"లేపాల్సింది దోమని కాదులేరా."

వాల్వు పని చేయాలంటే దాని ముందు వేల ఓముల బరువు, అంటే కరెంటుకు అంత అడ్డు, ఉండాలి. స్పీకరుదేమో ఎనిమిది ఓములు. రెండింటికీ పొత్తు కుదిర్చేది ట్రాన్స్‌ఫార్మరు. దాన్ని కొనకుండా తనే చుట్టాడు. సన్న తీగ, పొరపొరకీ కాగితం, ఒక్క చుట్టు కూడా పక్క చుట్టు మీదికి ఎక్కలేదు. ఇనుప రేకులు ఒకటి ఇటు, ఒకటి అటు పేర్చి, బిగించి, రికార్డు పెట్టాడు. శబ్దం నున్నగా ఉంది, గుంయ్ మనే రొద లేదు. బేసూ లేదు.

వైరింగు సరిచూశాడు. వాల్వు మార్చాడు. స్పీకరును పెట్టెలో బిగించాడు. లాభం లేకపోయింది. కింద వదిన గిన్నెలు గోనెసంచిలో వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి వాల్వు మరీ వేడెక్కుతోందని కరెంటు తగ్గించాడు. శబ్దం తగ్గింది, కానీ అడుగున ఏదో బొంయ్ మంది. ఇంకా తగ్గించాడు. ఇంకాస్త బొంయ్ మంది.

స్విచ్ ఆపి, ట్రాన్స్‌ఫార్మరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క వాల్వు ఉన్నచోట, పాట ఉన్నా లేకపోయినా కరెంటు ఒకే వైపు పారుతూనే ఉంటుంది. దాని అయస్కాంతంతోనే ఇనుము నిండిపోతే బేసుకు చోటెక్కడిది? దీనికి రేకులన్నీ ఒకే వైపు పేర్చి, ఎదుటి రేకులకు మధ్య కాస్త సందు వదలాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు. చేతులకే తెలియదు. జీవితమంతా ఇటొకటి అటొకటి పేర్చిన చేతులు, ఆయన్ను అడక్కుండానే పేర్చేశాయి.

రేకులన్నీ ఊడదీశాడు. ఒకే వైపు పేర్చి, సందులో దళసరి కాగితం ముక్క పెట్టి బిగించాడు. కరెంటు మళ్ళీ మొదటిలాగే పెట్టాడు. లారీ వీధిలోకి వచ్చేసింది. "వదినా, ఒక్కసారి పైకి రండి" అని పిలిచాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. పాట మొదలైంది. బాకా వెనక, పియానో కింద, ఎవరో బరువైన మనిషి తొందర లేకుండా నడుస్తున్నట్టు బేస్ ఫిడేలు వచ్చింది. ఆమె చేయి స్పీకరు పెట్టె మీద ఆనించింది. అయిపోయేదాకా తీయలేదు.

"ఉన్నాడు" అంది. "నువ్వు విన్నావా?"

"ఎక్కడా రొద లేదు వదినా."

"అది కాదయ్యా నేనడిగింది. మళ్ళీ పెట్టు. ఈసారి కూచో."

కూర్చున్నాడు. పాట సగంలో లారీ డ్రైవరు కిందనుంచి కేకేశాడు. బాబాయి రికార్డు మీది ముల్లు ఎత్తబోతూ వదిన ముఖం చూసి, "ఈ ఆంప్లిఫయరూ స్పీకరూ మీతో తీసుకెళ్ళండి" అన్నాడు. "స్పీకరు తగిలించకుండా స్విచ్ మాత్రం వెయ్యకండి. ట్రాన్స్‌ఫార్మరు పోతుంది."

"మరి నీకు?"

"నాకు ఎలా చేయాలో తెలుసు కదా."

వాల్వు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. గుడ్డలో చుట్టడానికి వీల్లేదు. డ్రైవరు సణుగుతున్నాడు. చల్లారేదాకా ఆయన దాన్ని కిటికీలో గాలికి పెట్టి, పక్కనే నిలబడ్డాడు. తర్వాత దూదిలో చుట్టి, లారీలో కూర్చున్న ఆమె ఒళ్ళో పెట్టాడు.

లారీ మలుపు తిరిగాక కింది తలుపుకు తాళం వేసి పైకొచ్చాడు. మిగిలిన వాల్వుల్లోంచి ఒకటి తీసి ఒక ఖాళీ సాకెట్టులో పెట్టి చూశాడు. వినడానికి రికార్డు లేదని, అది వదినతో వెళ్ళిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. వాల్వు తీసి డబ్బాలో వేశాడు.