నేను వేసిన కుట్లు విప్పిన శాంతమ్మ

మన గ్రూపులో అందరూ ఎలా ఉన్నారు?

మారేడ్‌పల్లి చెల్లీ, నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కకు. తమ్ముడూ, బీపీ మాత్ర మర్చిపోవడం లేదు కదా? గ్రేసమ్మా, నిన్నటి నుంచి ఏమైనా తిన్నావా తల్లీ? కనీసం పాలైనా తాగు.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను.

మా శాంతమ్మ నిన్న తెల్లవారుజామున పోయింది. కాప్రాలో కూతురు గ్రేసు ఇంట్లో, నిద్రలోనే.

ఫోన్ వచ్చినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి. గ్రేసు చెబుతూనే ఉంది, నేను "ఎవరు? ఎవరమ్మా?" అని అడుగుతూనే ఉన్నాను. పాలన్నీ పొంగిపోయాయి.

రోజూ అందరి గురించీ భయపడే మనిషిని నేను. శాంతమ్మ గురించి మాత్రం ఒక్కరోజూ భయపడలేదు. ఆమెకేమవుతుంది అనుకున్నాను.

పద్మారావు నగర్‌లో ఇరవై ఏళ్ళు మావి పక్కపక్క వాటాలు. గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు. రిటైరయ్యాక కూడా గల్లీలో ఎవరికి ఇంజెక్షన్ కావాలన్నా ఆమే. మా మనవరాలు శ్రావ్య ఆమెను అమ్మమ్మ అనే పిలిచేది.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర అందరూ ఆమె గురించి మాట్లాడారు. నాకు నోరు రాలేదు. మూడేళ్ళుగా దాచిన సంగతి ఒకటి ఉంది. ఇక్కడ రాస్తున్నాను.

శ్రావ్య ఫ్యాషన్ డిజైన్, మర్చండైజింగ్ కాలేజీలో చేరతానన్నప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ గోల చేసింది నేనే. కుట్టుపనికి కాలేజీ ఎందుకు, ఉద్యోగం ఎవరిస్తారు అని. మా అబ్బాయి ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. ఒక్క సబ్జెక్టు పోయినా మాన్పించి బ్యాంకు కోచింగ్‌లో వేస్తానన్నాడు.

రెండో ఏడాది. మర్నాడు సబ్మిషన్. కోరా గుడ్డతో కుట్టిన గౌను మంచం మీద పెట్టి శ్రావ్య బజారుకు పోయింది.

చూస్తే కుట్లన్నీ బారెడు బారెడు. లాగితే ఊడొచ్చేలా ఉన్నాయి.

కాలేజీలో అందరి ముందూ ఊడిపోతే? ఆ చదువు నాకు ఇష్టం లేదు. పిల్ల నవ్వులపాలు కావడం అంతకన్నా ఇష్టం లేదు.

సూది తీసుకుని మొత్తం గట్టిగా కుట్టేశాను.

శ్రావ్య వచ్చేసరికి శాంతమ్మ మా ఇంట్లో చాయ్ తాగుతోంది.

"గిది ఎవరు కుట్టిన్రు? అవి కచ్చా కుట్లు! మేడం విప్పి, లోపల యాడ తప్పుందో చూసి మార్కులేస్తది. ఇగ డాడీ నన్ను మాన్పిస్తడు."

చదువు వద్దన్నదాన్ని నేనే కదా. కావాలనే చెడగొట్టిందంటారు.

శాంతమ్మ నా మొహం చూసింది. కప్పు కింద పెట్టింది.

"నేనేనమ్మా. ఊడిపోద్దేమోనని కుట్టేశాను. ఏడవమాక, ఉండు."

ఇంటికి పోయి, ఆసుపత్రిలో వాడిన చిన్న కత్తెర తెచ్చుకుంది. కిటికీ దగ్గర కూర్చుంది.

"ముప్పై ఏళ్ళు మనుషుల కుట్లు విప్పినదాన్ని. ఇదైతే అమ్మో అబ్బో అని అరవదు కూడా. అక్కా, మీరు లోపలికెళ్ళి ఇంకో చాయ్ పెట్టండి. మీ మొహం చూస్తుంటే నా చెయ్యి వణుకుతోంది."

దీపాలు పెట్టే వేళకు కుట్లన్నీ తీసేసింది. గుడ్డకు ఒక్క చిల్లు పడలేదు. చాక్ గీతలు అలాగే ఉన్నాయి. శ్రావ్య వాటి మీదే మళ్ళీ కచ్చా కుట్లు వేసుకుంది.

పాసయింది.

తర్వాత మర్చండైజింగ్ ప్రాజెక్టు. కొనేవాళ్ళు సరుకు ఎందుకు వద్దంటారో రాసుకురావాలట. శ్రావ్య జనరల్ బజారుకు శాంతమ్మనే తీసుకుపోయింది.

శాంతమ్మ ఒకే దుకాణంలో నలభై చీరలు తీయించిందట.

"ఈ అంచు నాకు నచ్చిందయ్యా. ఈ అంచుకే ఈ చీర నచ్చలేదు."

"అమ్మా, మీకేం కావాల్నో జెర అదన్న చెప్పుండ్రి" అని సేటు మొత్తుకున్నాడట. ఏమీ కొనకుండా లేచింది. శ్రావ్య మాత్రం పేజీలకు పేజీలు రాసుకుంది. ఇప్పుడది రెడీమేడ్ బట్టల కంపెనీలో మర్చండైజర్. ఏ బట్టలు అమ్ముడవుతాయో చూసి తెప్పించే పనట.

నిన్న సమాధి దగ్గర నుంచి వస్తూ ఆటోలో చెప్పేశాను.

"శ్రావ్యా, ఆ రోజు కుట్టింది శాంతమ్మ కాదే."

అది నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఆ రోజే ఎరుక నానమ్మా. నాలుగు కుట్లకో ముడి నువ్వు గాక ఎవరేస్తరు?"

"మరి అడగలేదేందే?"

"అడుగుదామనే అనుకున్న. 'అడిగావంటే మీ నానమ్మ వారం రోజులు అన్నం మానేస్తది, ఊరుకో' అన్నది అమ్మమ్మ."

నాకు నవ్వొచ్చింది. సమాధి నుంచి వస్తూ నవ్వడమేమిటని భయమూ వేసింది. అయినా నవ్వాను.

శాంతమ్మా, నా భయాలన్నీ తెలిసీ ఒక్కసారి కూడా నన్ను చిన్నబుచ్చలేదు నువ్వు. జీవితమంతా ఎవరెవరి మంచాల పక్కనో నిలబడ్డావు. ఇక నీ దేవుడి దగ్గర హాయిగా పడుకో.

గ్రేసమ్మా, పదిహేడో తారీఖు ఆదివారం, మీకు చర్చి అయ్యాక నేనూ శ్రావ్యా కాప్రా వస్తున్నాం. వంట పెట్టుకోకు, మేమే తెస్తాం. ఆ రోజు బంద్ అంటున్నారు.

బంద్ అయినా సరే, వస్తాం.