గ్రేసమ్మ గారు ఇచ్చిన హస్తవాసి

పోయిన నెల మిర్యాలగూడలో ఒక బంధువును చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో స్టవ్ మీద మరిగే నీళ్లలో గాజు సిరంజీలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. స్పిరిట్ వాసన ముక్కుకు సోకగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఇరవై ఏళ్ల కిందటి సూర్యాపేట గుర్తొచ్చింది. డాక్టర్ గ్రేసమ్మ గారి చిన్న దవాఖాన, అందులో కాంపౌండరుగా నేను. కోదాడ చుట్టుపక్కల ఇప్పటికీ నా పేరెత్తి, నర్సయ్య హస్తవాసి మంచిదంటారు. ఆ మాట మీదే నా సంసారం గడిచింది. అది ఎలా పుట్టిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఇన్నాళ్లూ చెప్పకుండా ఉన్నందుకు సిగ్గుపడుతూ ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడప్పుడే పెన్సిలిన్ మా వైపుకు వస్తోంది. సీసాలో తెల్లటి పొడి. మరగబెట్టి చల్లార్చిన నీళ్లతో కలిపి, రాత్రీ పగలూ కొన్ని గంటలకొకసారి కండలోకి ఎక్కించాలి. చావబోయేవాణ్ణి లేపి కూర్చోబెడుతుందని ఊరూరా పేరు పాకింది. దాంతో తుమ్మినవాడికీ దగ్గినవాడికీ అదే కావాలి. గ్రేసమ్మ గారు ఇచ్చేవారు కాదు. అవసరమై ఇచ్చినప్పుడూ ముందు ప్రశ్నలే. ఇంతకుముందు ఈ సూది పడిందా? పడితే దద్దుర్లు లేచాయా, ఆయాసం వచ్చిందా? సూది వేశాక రోగిని కాసేపు కళ్లెదుటే కూర్చోబెట్టుకునేవారు. కలిపిన మందును ఊకతో కప్పిన ఐసుగడ్డ పక్కన పెట్టించేవారు. ఐసు కరిగి మందు వేడెక్కిందంటే, ఎంత మిగిలినా పారబోయించేవారు. చూసినవాళ్లకు కడుపు మండేది. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఒక మోతుబరి ఒకరోజు వాకిట్లో నిలబడి అరిచాడు.

"మనుషులకియ్యదట, మన్నుకు పోస్తదట! ఏం డాక్టరమ్మవు నువ్వు?"

"పాడైన మందు మన్ను తట్టుకుంటది పటేలా, నువ్వు తట్టుకోలేవు. ఇగ నీకున్నది పడిశం. ఇంటికి పోయి మిరియాలు దంచుకొని తాగు" అన్నారు ఆమె. అతను తప్ప అందరూ నవ్వారు. ఆ రోజుల్లో నాకూ ఆమెది మొండితనంగానే తోచేది.

ఆ ఎండాకాలంలోనే మునగాల వైపు నుంచి మల్లయ్య అనే గొర్రెల కాపరి, పెళ్లాం ఎల్లమ్మను బండి మీద వేసుకొచ్చాడు. కాన్పయిన కొద్ది రోజులకే జ్వరం పట్టి, మనిషి సోయి లేకుండా కలవరిస్తోంది. పసిపిల్ల నానమ్మ ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తోంది. గ్రేసమ్మ గారు పరీక్ష చేసి, గర్భసంచికి చీము పట్టిందనీ, ఈ మందు ఉన్నది ఇలాంటివాళ్ల కోసమేననీ అన్నారు. ఎంత కలపాలో, ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పింది ఆమె. సూది గుచ్చింది నేను. రెండు రోజులకు జ్వరం దిగింది. ఎల్లమ్మ కళ్లు తెరిచి జావ అడిగింది. ముసలామె నా చేయి లాక్కుని కళ్లకద్దుకుంది.

"కొడుకా, నీ చేతిల ఏదో ఉన్నది!"

మర్నాడు పొద్దున్నే మల్లయ్య ఎడ్లను బండికి కట్టాడు. "జరం పోయింది గదమ్మా. ఆడ గొర్లు ఆగమైతున్నయ్. మిగిలిన సీసలిస్తే మా ఊర్ల పొడిసేటోడున్నడు."

"జ్వరం పోయింది, రోగం పోలేదు మల్లయ్యా. ఇప్పుడాపితే మళ్ల లేస్తది. అప్పుడు నా దాక తెచ్చే టైము గూడ ఉండదు."

"బాలింత ముందర గవేం మాటలమ్మా?" అని ముసలామె కస్సుమంది. "నడువురా, పోదాం."

ఎల్లమ్మను లేపడానికి మల్లయ్య లోపలికి అడుగు వేశాడు. గ్రేసమ్మ గారు నా వైపు చూశారు. హస్తవాసి అంటే ఆమెకు నమ్మకం లేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, వాసి మరగబెట్టిన సూదిదని నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు.

"అవ్వా, నువ్వన్నదే నిజం. ఉన్నదంతా నర్సయ్య చేతిలనే ఉన్నది. వేరేటోడు పొడిస్తే ఏమైతదో నేను చెప్పలేను. నర్సయ్యనేమో నేను పంపను. ఇగ మీ ఇష్టం."

ముసలామె కాసేపు నన్ను తేరిపార చూసింది. "ఎడ్లను ఇడువురా," అంది కొడుకుతో. "గొర్లను నీ తమ్ముడు సూసుకుంటడు. గా పిలగాడు పొడిసినన్ని పొడువనీ."

తర్వాత గదిలో అడిగాను, "అట్లెందుకన్నారమ్మా?" అని.

ఆమె చేతులు కడుక్కుంటున్నారు. "ఎల్లమ్మ మందయ్యేదాక ఈడ ఉండాలె గద నర్సయ్యా. నా మాటకు ఉండదు, నీ చేతికి ఉంటది. ఎవలకుంటే ఏంది? కాని రేపటి నుంచి అందరూ నీ చెయ్యే అడుగుతరు. ఎవలకు వెయ్యొద్దో అది గూడ నేర్చుకో."

మందు పూర్తయ్యాక ఎల్లమ్మ తన కాళ్ల మీద తానే నడిచి బండి దాకా వెళ్లింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి నాకు దండం పెట్టింది. ఆ క్షణాన గ్రేసమ్మ గారు ఆమె పక్కనే నిలబడి, ఎండ తగలకుండా పసిపిల్ల ముఖం మీదకు కొంగు లాగుతున్నారు. డాక్టరమ్మ వైపు ఎవరూ చూడలేదు. దండం ఆమెకు పెట్టమని నేనూ చెప్పలేదు.

కొన్నేళ్లకు కోదాడలో సొంతంగా మందుల కొట్టు పెట్టాను. నాకన్నా ముందే నా చేతి పేరు అక్కడికి చేరింది. ఎవరు పొగిడినా చిరునవ్వుతో ఊరుకున్నాను. ఇప్పుడు గ్రేసమ్మ గారు లేరు. సూర్యాపేటలో పాతవాళ్లు ఆమెను తలచుకుంటే మందు మన్నులో పోసిన డాక్టరమ్మ అనే అంటారు. చేతిలో ఉన్న మందును ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పారబోయాలో తెలిసిన మనిషి ఆమె. ఒక బాలింత ప్రాణం కోసం తన పేరును నా చేతిలో పెట్టి, మళ్లీ అడగని మనిషి.

ఇవాళ కూడా డాక్టరు రాసిన చీటీతో ఎవరైనా వస్తే, సూది పట్టుకునే ముందు ఆ ప్రశ్నలన్నీ అడుగుతాను. విసుక్కున్నా అడుగుతాను. చీటీ లేనివాళ్లను వెనక్కి పంపుతాను. అదంతా ఆమె దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాను. బతికి లేచినవాళ్లు దండం పెట్టినప్పుడు ఆమె పేరు చెప్పడం మాత్రం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.