ఫ్లోర్ రేకులో పదకొండో సొట్ట

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పుకోవడం దేనికంటే, ఇదంతా చదివాక మీరు నన్ను ఆ జాబితాలో వేస్తారని తెలుసు కాబట్టి. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. మూడేళ్లు ఒక వాహనాల ఫ్యాక్టరీలో టెస్టింగ్ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు అమలాపురంలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూస్తున్నాను. బండిలో చప్పుడు వస్తోందంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే. ఎక్కడో రెండు లోహాలు కొట్టుకుంటున్నాయి. ఎక్కడో కనుక్కోవాలి, అంతే.

కొత్తపేట దగ్గర గోదావరి లంకలో మా అక్క మొగుడు ప్రసాద్ బావకు అరటితోట ఉంది. వేసవిలో పాయ ఎండిపోతుంది, ఇసుకలోంచే దాటొచ్చు. మామూలు బండ్లు ఇసుకలో దిగబడతాయి కాబట్టి బావ ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నాడు. పాత యజమాని దాన్ని నాలుగంగుళాలు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించాడు. రోజూ పొద్దున్నే ఎనిమిది మంది ఆడకూలీలు అందులోనే తోటకు వెళ్లేవారు. వాళ్లకు పెద్ద మరియమ్మ.

కొన్నాళ్లకే చప్పుడు మొదలైంది. ఎడమవైపు వెనక నుంచి, సరిగ్గా పాదాల కింద, సమ్మెటతో కొట్టినట్టు ఒకే దెబ్బ. పాయ దాటేటప్పుడే వచ్చేది.

"ఎముకల్లోకి తగులుతోందండి బాబూ" అంది మరియమ్మ.

బావ జీపును తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. "చంటీ, నువ్వు చూసి బాగుందని రాసి సంతకం పెట్టు. అప్పుడే జనాన్ని ఎక్కిస్తాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నిజంగానే కాగితం మీద రాసే రకమని అతనికి తెలుసు.

నా పద్ధతిలో నేను వెళ్లాను. షాక్ అబ్జార్బర్లు విప్పి చేత్తో నొక్కి చూశాను, బాగున్నాయి. కమాను పట్టీల్లో, అంటే లీఫ్ స్ప్రింగుల్లో, పగులు లేదు. యు-బోల్టులు బిగువుగానే ఉన్నాయి. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లలో వదులు లేదు. బాడీ మౌంటు రబ్బర్లు పాతవే గానీ చీలలేదు. చివరికి కమాను చివర్ల రబ్బరు బుష్‌ల దగ్గర తప్పు దొరికింది. ఎత్తు పెంచినవాళ్లు చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేశారు. అలా చేస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. చప్పుడు రావడానికి ఆ కారణం చాలు. బోల్టులు వదులు చేసి, బరువంతా చక్రాల మీద నిలిపి, మళ్లీ బిగించాను. రాజోలు దాకా వెళ్లి వచ్చాను. స్పీడ్ బ్రేకర్లు, గోతులు, కాలువ గట్టు అన్నీ తిప్పాను. చప్పుడు లేదు.

శనివారం సాయంత్రం కాగితం మీద "బండి మనుషుల్ని ఎక్కించుకోవడానికి బాగుంది" అని రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితంలో నేను రాయనిది ఒకటుంది. ఎడమవైపు ఫ్లోర్ రేకుకు కింద నుంచి ఎనిమిది సొట్టలు ఉన్నాయి. రాళ్లు తగిలి ఉంటాయనుకున్నాను. ఎందుకైనా మంచిదని అక్కడంతా తెల్లరంగు వేశాను. ఏది తగిలినా రంగు లేచిపోతుంది కదా.

సోమవారం బావ ఫోన్ చేశాడు. చప్పుడు మళ్లీ వచ్చింది. సాయంత్రం వెళ్లి కింద దూరి చూస్తే సొట్టలు తొమ్మిది. తొమ్మిదోది నా బొటనవేలు పట్టేంత లోతు. దాని మీద రంగు మాత్రం వెంట్రుకంత కూడా పగల్లేదు.

మంగళవారం పొద్దున బండి కింద నా ఫోన్ కట్టి వీడియో తీయమన్నాను. సాయంత్రం దాన్ని ఒక్కో ఫ్రేము ఆపి చూశాను. ఇరుసు కదలాల్సినంతే కదిలింది. రేకు దరిదాపుల్లోకి ఏదీ రాలేదు. ఒక ఫ్రేములో ఆ చోట రేకు నున్నగా ఉంది. ఆ తర్వాతి ఫ్రేములో సొట్ట ఉంది. వాటి మధ్య ఏమీ లేదు. అది పదోది.

బటర్ పేపరు పరిచి పది సొట్టల అచ్చూ తీసుకున్నాను. అప్పుడే గమనించాను, ఆ ఒక్క రేకు మిగతా బండికంటే కొత్తది. అంచుల్లో వెల్డింగు కూడా వేరే చేతిది. పాత రేకు ఎందుకు మార్చారో అడుగుదామని, బుధవారం బండి తీయనివ్వకుండా ఆపి, సెలవు పెట్టి, బండి అమ్మిన సత్తిరాజు గారి దగ్గరికి కె.గంగవరం వైపు వెళ్లాను.

దొడ్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఆయన మంచం మీద కూర్చుని చూస్తున్నారు. రేకు మాట ఎత్తగానే లేచి, నీళ్ల గుంట దగ్గరికి తీసుకెళ్లారు. గుంట మీద మూతగా వేసి ఉంది పాత రేకు, సొట్టలు పైకి పొడుచుకుని.

నా కాగితం తిరగేసి దాని మీద పరిచాను. పదికి పది కూర్చున్నాయి. ఎక్కడా రెండు మిల్లీమీటర్లకు మించి తేడా లేదు. పాత రేకు మీద ఇంకొకటి ఎక్కువ ఉంది. పదీ ఒకచోట గుంపుగా ఉంటే, పదకొండోది ఎడమ అంచు దగ్గర విడిగా ఉంది.

"మీకూ కొడుతున్నాడాండి?" అన్నారు సత్తిరాజు గారు.

ఆయన చెప్పింది ఇది. వరద తీశాక లంకల్లో హద్దులు మిగలవు. తాడు పట్టుకుని మళ్లీ కొలిచి, తాటి గుంజలు దిగ్గొట్టాలి. "రైతులు గుంజ ముట్టుకోరండి. అటోడు కొడితే ఇటోడు ఒప్పుకోడు. ఇద్దరికీ కానివాణ్ణి మూడో మనిషిని పెట్టుకుంటాం. తాడు పడ్డచోట కొట్టడమే అతని పని." అలా ఒక ఏడు పెట్టుకున్న మూడో మనిషి ఏసుదాసు. తాడు సత్తిరాజు గారి పొలంలోకి నాలుగు గజాలు జరిగి పడింది. ఏసుదాసు అక్కడే గుంజ పెట్టి సమ్మెట ఎత్తాడు.

"మా తమ్ముడు జీపులోంచే పీకరా అన్నాడండి. తాడు పడ్డచోట కొడుతున్నానండి, నాదేముందండి అన్నాడు వాడు. మావోడు బండి వాడి మీదికి తోలేసేడు. తొడలు నలిగిపోయేయి. చక్రాలు ఇసుకలో కూరుకుపోయి బండి వాడి మీదే కూర్చుండిపోయింది. చేతిలో సమ్మెట వదల్లేదండి. దాంతోనే కింద నుంచి కొట్టేడు."

"మీరెక్కడున్నారండి?"

"బండిలోనండి. నలుగురం. అవతలోళ్లు దగ్గరికి రాకుండా కర్రలు తిప్పుతా ఉన్నాం. దెబ్బ పడ్డప్పుడల్లా మా పాదాలకి తెలుస్తానే ఉందండి. ఒక్కడు దిగలేదు. నేనూ దిగలేదు." అంచునున్న సొట్ట మీద వేలు పెట్టారు. "ఇది చాలాసేపటికి వచ్చిందండి. అయిపోయేడనుకున్నాక."

తమ్ముడు జైల్లో ఉన్నాడు. కేసు తేలాక బండి విడిపించి, రేకు మార్పించి అమ్మేశారు.

దారిలోనే బావకు ఫోన్ చేశాను. దెయ్యం అనలేదు. రేపు కూడా బండి తీయొద్దన్నాను, కారణం తర్వాత చెబుతానన్నాను.

"గెలలు కోసి పడున్నాయి. లారీ తొమ్మిదింటికి వస్తాది. సంతకం పెట్టింది నువ్వే కదా ఇంజినీరుగారూ?" అని పెట్టేశాడు.

గురువారం ఆరున్నరకి రేవు దగ్గరికి వెళ్లాను. ఎనిమిది మందీ ఎక్కి కూర్చున్నారు. నేను తాళం లాగేశాను. బావ చెయ్యి పట్టి మెలిపెట్టాడు. వదల్లేదు. చెంప మీద కొట్టాడు, మళ్లీ వదల్లేదు. మూడోసారి పిడికిలితో కొడితే పెదవి చిట్లి, రక్తం చొక్కా మీద పడింది. జీవితంలో మొదటిసారి నేనూ అతన్ని కొట్టాను, మెడ దగ్గర. ఇద్దరం ఇసుకలో పడి దొర్లాం. అతని మోకాలు నా డొక్కలో దిగింది. తాళం అతని చేతిలోకి వెళ్లింది.

మరియమ్మ అప్పటికే కిందికి దూకింది. "సంతకం పెట్టిన బాబే వద్దని దెబ్బలు తింటన్నాడు. దిగండే, నడిచిపోదాం" అంది. ఒక్కొక్కరే దిగారు.

"నడండి, నడండి. సాయంత్రానికి చేరతారు" అని బావ ఒక్కడే తోలుకుపోయాడు.

మేము వెనక నడిచాం. పాయ మధ్యలో, పైకి పొడిగా కనిపించే చెమ్మ ఇసుకలో, జీపు ఎడమ చక్రాలు దిగబడిపోవడం దూరం నుంచి చూశాం. బావ దిగాడు. జాకీ పెట్టాడు. కింద చెక్క పెట్టలేదు, వట్టి ఇసుక మీదే పెట్టాడు. కోపంలో ఉన్నాడు. బండి కాస్త లేవగానే కుడివైపు నుంచి కిందికి దూరి, ఎడమ చక్రం ముందు ఇసుక తోడడం మొదలుపెట్టాడు. వద్దని అరుస్తూ పరుగెత్తాను.

జాకీ పక్కకు తన్నేసింది. నాలుగంగుళాలు ఎత్తు పెంచిన ఆ బండి ఒక్కసారిగా కూర్చుంది. ఎముక విరిగిన చప్పుడు నాకు అంత దూరం వినిపించింది.

వెళ్లేసరికి కుడివైపు ఒక కాలు బయటికి ఉంది. రెండోది ఇరుసు కింద చితికిపోయింది. కేక లేదు. ఎర్రబారిన ఇసుకను చేతులతో తవ్వాం, కాలు ఉన్నవైపే. కాలు కనిపించిన చోటే మనిషి ఉంటాడని అందరం అనుకున్నాం. నేను కూడా.

అప్పుడు రేకు మీద దెబ్బ పడింది. ఒక్కటే. ఎడమ అంచు దగ్గర.

"ఇటు!" అని మరియమ్మ అటువైపు పడిపోయి తవ్వింది. జానెడు లోతులో బావ తల వెనకభాగం తగిలింది. ముఖం ఇసుకలో పూర్తిగా పూడిపోయి ఉంది. నోట్లోంచి, ముక్కులోంచి ఇసుక తీస్తే ఎక్కిళ్లలా ఊపిరి వచ్చింది. ఇంకో నిమిషం కుడివైపే తవ్వుతూ ఉంటే అతను లేడు. తర్వాత అంతా కలిసి గెలలు మోసే కర్రలు వేసి బండిని లేపాం. ఎనిమిది మంది ఆడవాళ్లు, నేను.

బావ కుడికాలు మోకాలి కింద తీసేశారు. మాట్లాడగలిగిన రోజు అడిగాను, రేకు ఎలా కొట్టావని.

"నేనా? చేతులు రెండూ గుండెల కింద ఇరుక్కుపోయేయిరా. వేలు కదపలేకపోయేను" అన్నాడు. మళ్లీ తనే, "పక్కన ఎవరో పడుకున్నట్టుంది. నువ్వే దూరేవనుకున్నాను" అన్నాడు.

బండిని ముక్కలు చేయించాం. ఆ ఒక్క రేకు నేను తెచ్చుకున్నాను. సత్తిరాజు గారి ఇంటికి వెళ్లి, ఆయన లేకపోయినా పాత రేకు అచ్చు తీసుకొచ్చి దీంతో పోల్చాను. పదకొండోది కూడా కూర్చుంది. సంగతి చెబుదామని ఆయనకు ఫోన్ చేశాను. అంతా విని ఒక్కటే అడిగారు.

"ఆఖరిది వినిపించేక ఎవరైనా వచ్చేరాండి?"

"వచ్చేమండి. తొమ్మిది మందిమి" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

ల్యాబ్‌లో అంత మందం రేకే తెచ్చి నాలుగు కిలోల సమ్మెటతో కొట్టి చూశాను. అంత సొట్ట పడాలంటే చెయ్యి పూర్తిగా వెనక్కి తీసి కొట్టాలి. ఆ రోజు రేకుకీ ఇసుకకీ మధ్య ఉన్న సందు పద్నాలుగు సెంటీమీటర్లు. అందులో సమ్మెట ఎత్తడానికి చోటు లేదు. కొలిచింది నేనే, కాబట్టి ఆ కొలత తప్పని కూడా అనలేకపోతున్నాను.